ఆమెన్ అనేవాడు

ఆదివారం చర్చి అవగానే, బైబిలు సంచితోనే రైలెక్కి తెనాలి ధ్యాన మందిరానికి వస్తాడు భట్టిప్రోలు కృపారావు మాస్టారు. నేను తిరగని మఠం లేదు గానీ, ఇంత ఓపికగా కళ్లు మూసుకునే మనిషిని చూడలేదు. వాళ్లింట్లో దీపాలు పెట్టాక తల్లి పాట ఎత్తుకునేది, తండ్రి ప్రార్థన చేసేవాడు. చివర ఆమెన్ అనడమే ఇతని వంతు. ఎనభై ఆరులో ఇద్దరూ పోయారు. ఆ తర్వాత తనే ప్రార్థన చేస్తే, వినేవాళ్లెవరూ ఉన్నట్టు తోచలేదట. ఓసారి మందిరమంతా నిశ్శబ్దంగా ఉండగా గట్టిగా "ఆమెన్" అన్నాడు. నవ్వులు లేచాయి.

"ఎవరి ప్రార్థనకండీ, మాస్టారూ?" అన్నాడు పక్కాయన.

"మా నాన్నదండి. ఇప్పుడే ముగించారు."

మళ్లీ అతనికి తండ్రి గొంతు వినపడలేదట. అయినా వారం వారం వచ్చి, పెదవులు కాస్త విడదీసి కూర్చుంటాడు.