సెల్ లేని వాచీ

దయ్యాలంటే నాకు నవ్వు. కదిరిలో ఇరవై ఏళ్లు వాచీలు బాగుచేసినవాణ్ణి. ఆగిపోయిన ప్రతి వాచీకీ లోపల ఒక కారణం ఉంటుంది, తుప్పో దుమ్మో. కారణం లేకుండా నడిచేది ఏదీ లేదని నా మొండి నమ్మకం. ఇప్పుడు ఇది రాస్తున్నది కూడా ఎవరినీ నమ్మించడానికి కాదు.

నాకో పిచ్చి ఉండేది. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు అమ్ముకునే పాత క్వార్ట్జ్ వాచీలు, అందులోనూ స్టాప్‌వాచీ ముల్లున్న క్రోనోగ్రాఫులు పోగుచేసేవాణ్ణి. ఏడాదికి పది సెకన్లు కూడా తేడా రాని రకం. వాడనివాటికి సెల్ తీసేసి పెట్టెలో దాచేవాణ్ణి. సెల్ కారితే లోపలి సర్క్యూట్ పాడైపోతుంది.

వాటిలో మంచిదొకటి నాయనకిచ్చాను. తనకల్లు దగ్గర మాకు నాలుగెకరాల చెనిక్కాయ చేను, ఒక బోరు ఉండేవి. రెండువేల సంవత్సరం దాటిన కొత్త అది. వరసగా వానల్లేవు. బోరు కాసేపు పోసి ఆగిపోయేది. ఎంతసేపు పోసిందో నాయన ఆ వాచీతో కొలిచి, మోటారు గది గోడమీద బొగ్గుతో రాసేవాడు. నిమిషాలు, సెకన్లతో సహా. నలభై నిమిషాలు ఇరవై అయ్యాయి, ఆ ఇరవై కాస్తా నాలుగయ్యాయి.

"నిన్న అయిదు, ఈ పొద్దు నాలుగే పోసింది రా. రేపు ఎంత పోస్తాదో" అనేవాడు. తిండి సయించేది కాదు. ఆ అంకెలే ఆయన్ని తినేస్తున్నాయనిపించి, రిపేరు చేయాలని అబద్ధం చెప్పి వాచీ తెచ్చేసుకున్నాను. సెల్ తీసి పెట్టెలో పడేశాను. పెద్ద తెలివైన పని చేశాననుకున్నాను.

వారం తర్వాత, మధ్యాహ్నం రెండు దాటింది. షాపులో ఒక్కణ్ణే ఉన్నాను. పెట్టెలోంచి టిక్కుటిక్కుమని చప్పుడు. తెరిస్తే నాయన వాచీ. గంటల ముల్లు కదలడం లేదు, స్టాప్‌వాచీ ముల్లు మాత్రం తిరుగుతోంది. వెనక మూత విప్పాను. సెల్ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

అది నాయన వాచీ కదా, ఆయనెలా ఉన్నాడో కనుక్కుందామని కూడా తోచలేదు నాకు. ఫోన్ మోచేతి పక్కనే ఉంది. ఇంకో వాచీ పక్కన పెట్టుకుని, ఇది ఎంత కచ్చితంగా నడుస్తోందో చూస్తూ కూచున్నాను. ఒక్క సెకను తేడా లేదు. సిగ్గులేకుండా సంతోషించాను కూడా. పదిహేడు నిమిషాల నలభై రెండు సెకన్ల దగ్గర ముల్లు ఆగిపోయింది.

అరగంటకు ఫోన్ మోగింది. పక్క చేను నారాయణప్ప. "ఏమప్పా, బిన్నా రా. మీ నాయన బోరు కాడ పడిపోయినాడు."

నేను పోయేసరికి దుప్పటి కప్పేశారు. గుండె ఆగిందన్నారు.

"కరెంటు వస్తానే మోటారు ఏసినాడు" అన్నాడు నారాయణప్ప. "యాన్నాళ్లకో అంతసేపు పోసిందప్పా. రొమ్ము పట్టుకొని గోడకానుకొని కూసున్నాడు. మా ఇంటి కాడ్నుంచి సూస్తాంటి. నీళ్లు సూసి సంబరపడతాండాడులే అనుకొంటి. నీళ్లు నిలిచినంక పోయి సూస్తే ఏముండాది!"

వాచీ సంగతి చెప్పాను.

"మా ఇంటికి ఒక్క ఫోన్ చేసింటే ఉరికిపోదును కదప్పా" అన్నాడు.

నాయన వేళ్లకు బొగ్గు మసి ఉంది. ఆయన ఆనుకున్న మోటారు గది గోడ చూశాను. నేను వాచీ తెచ్చేసిన రోజు నుంచి గోడమీద రాతల్లేవు. ఆ రోజుది మాత్రం ఉంది, వంకరటింకరగా. పదిహేడు, నలభై రెండు. ఆయన చేతికి వాచీ లేదు, ఆ గదిలో గడియారమూ లేదు.

సెల్ లేకుండా ముల్లెలా తిరిగిందో, గడియారం లేకుండా ఆయన సెకన్లెలా లెక్కపెట్టాడో ఇప్పటికీ నాకు అర్థం కాదు. మిగతా వాచీలన్నీ ఇచ్చేశాను, అదొక్కటే ఉంచుకున్నాను. పదిహేడు, నలభై రెండు దగ్గరే నిలిచిన ముల్లును సున్నాకి తిప్పే బటన్ వాచీ పక్కనే ఉంటుంది. సెల్ లేదు కాబట్టి నొక్కినా ఏమీ కాదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఇంతవరకు నొక్కలేదు.