దేవుడికిచ్చే ఆదివారం

పాప మా ఇంటికొచ్చిన కొత్తల్లో నన్ను బాగా భయపెట్టింది దాని మంచితనమే. ఏడేళ్ల పిల్ల. అల్లరి లేదు, అలక లేదు, ఫలానాది కావాలని అడగడం లేదు. ఏది పెట్టినా తినేసి, కంచం కడిగి బోర్లించేది. అమ్మా అని పిలవమంటే ఆ రోజు నుంచే పిలిచింది, చెప్పిన పని చేసినట్టు. చర్చిలో ఆడవాళ్లు "ఎంత బుద్ధిమంతురాలమ్మా!" అని మెచ్చుకుంటుంటే నాకు ఒళ్లు మండేది. నేను మదనపల్లెలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తాను. సూది గుచ్చినా ఏడవని పిల్లల్ని చూస్తే నాకు గుబులు.

పాపను కుప్పం దగ్గరి పిల్లల హోమ్ నుంచి దత్తత తెచ్చుకున్నాం. మాకంటే ముందు ఇంకొక కుటుంబంవాళ్లు తీసుకుపోయి, కొన్నాళ్లు పెంచి, మాకు కుదరదని మళ్లీ అక్కడే దిగబెట్టి పోయారట. మా ఆయన ఆర్టీసీలో కండక్టరు. తీసుకొచ్చే రోజు బస్సు వి.కోట దాటాక పాప ఒకే ఒక్క మాట అడిగింది.

"ఈ బస్సు మళ్లా కుప్పానికి ఎప్పుడు పోతాది?"

మా ఆయన ఎంతో ఉత్సాహంగా టైమింగులన్నీ అప్పజెప్పడం మొదలుపెట్టాడు. నేను మోచేత్తో పొడిస్తేగానీ ఆపలేదు.

పాపకు ఉన్న ఒకే ఒక్క చెడ్డ అలవాటు తిండి దాచుకోవడం. దిండు కింద ఇడ్లీ ముక్కలు, స్కూలు బ్యాగులో ఎండిపోయిన చపాతీ. ఇల్లంతా చీమలు. ఉపవాసం ఉండి ప్రార్థన చేశాను, పాప గుండెలోని భయం తీసెయ్యి తండ్రీ అని. చీమల మందు కూడా కొన్నాను.

ఒక రోజు నేను వంట చేస్తుంటే పాప వచ్చి పక్కన నిలబడింది. అన్నం వండేటప్పుడల్లా కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుడి కోసం వేరే డబ్బాలో వేయడం మా క్రైస్తవ కుటుంబాల్లో ఆడవాళ్ల అలవాటు. పుంగనూరులో మా అమ్మ నేర్పింది నాకు. నేను డబ్బా మూత పెడుతుంటే పాప ముఖం వెలిగిపోయింది. మా ఇంటికొచ్చాక అది నవ్వడం అదే మొదలు.

"నువ్వు గూడా దాసిపెట్టుకుంటాండావా?" అని గుసగుసగా అడిగింది.

తనకొక తోడుదొంగ దొరికిందని దాని సంబరం. "దాచుకునేది కాదు పాపా, ఇది దేవుడిది" అన్నాను. ఆ ఆదివారం డబ్బాలో బియ్యం సంచిలో పోసి చర్చికి తీసుకుపోయాం. అక్కడ పెద్ద గోతంలో కుమ్మరిస్తే, తర్వాత పాస్టరుగారు లేనివాళ్లకు పంచుతారు. ఖాళీ సంచి మడిచి నేను తిరిగొస్తుంటే పాప గోతం వైపే చూస్తోంది.

"మళ్లా ఎప్పుడిస్తారు మనకి?"

"ఇయ్యరు. దేవుడికి ఇచ్చేసినాము గదా."

సరేనని తలూపింది. దాని తలూపుడు నాకు అప్పటికింకా అర్థం కాలేదు.

కొన్ని నెలలు గడిచాయి. పాపను చర్చిలో ప్రతిష్ఠ చేయించాలని మా అమ్మ పట్టుబట్టింది. బిడ్డను సంఘం ముందుకు తీసుకుపోయి, పాస్టరుగారి ప్రార్థనతో దేవునికి అప్పగించడం. మాకు బిడ్డ దొరికినందుకు అంతకంటే పెద్ద కృతజ్ఞత ఏముంటుంది? నాకూ సంతోషమే. కొత్త గౌను కుట్టించాను. శనివారం సాయంత్రం పాపకు జడ వేస్తూ, "రేపు చర్చిలో నిన్ను దేవుడికిచ్చేస్తాము. అందరూ వస్తారు" అని మురిసిపోతూ చెప్పాను. పాప తలూపింది.

పొద్దున స్నానానికి పిలుద్దామని చూస్తే పాప వాకిట్లో కూర్చుని ఉంది. పాత గౌను వేసుకుంది. పక్కన ఒక ప్లాస్టిక్ కవరు. అందులో దాని బట్టలన్నీ మడతపెట్టి ఉన్నాయి. ఏడవడం లేదు. ఒకసారి అలవాటైన పనేగా.

"ఏమి పాపా ఇది? కొత్త గౌను యాల ఏసుకోలేదు?"

"అది మీరు కుట్టించింది గదా, ఈడనే పెట్టినా." తర్వాత అడిగింది. "దేవుడి దగ్గిర ఇంకా పిల్లోళ్లు ఉండారా? ఆడ అన్నం పెడతారా?"

దాని పక్కనే గడప మీద కూలబడ్డాను. అది చూసినదాన్నిబట్టి సరిగ్గానే లెక్కగట్టుకుంది. దేవుడికని ఇచ్చింది ఏదీ మా ఇంటికి తిరిగి రాలేదు మరి. "నిన్ను యాడికీ పంపించము, ఇంటికే వస్తాము" అని నేను చెప్పాను, మా ఆయన చెప్పాడు, పుంగనూరు నుంచి వచ్చిన మా అమ్మ కూడా చెప్పింది. అన్నిటికీ తలూపింది. చర్చికి మాత్రం కవరు చంకలో పెట్టుకునే వచ్చింది.

పాస్టరుగారు మమ్మల్ని ముందుకు పిలిచారు. ఆయన పద్ధతి గల మనిషి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అడుగుతారు. "ఈ బిడ్డను దేవునికి అప్పగిస్తున్నారా?" అన్నారు. మా ఆయన నోరు తెరవబోయాడు. నేను పాప వైపు చూశాను. అది గోతం ఉన్న మూలకేసి చూస్తోంది.

"లేదు అయ్యగారూ" అన్నాను. "ఇయ్యను."

మా అమ్మ తల మీది కొంగు కళ్ల దాకా లాక్కుంది.

"బిడ్డ మాతోనే ఇంటికొస్తాది. అప్పగించాలంటే మమ్మల్నిద్దర్నీ అప్పగించండి, దీన్ని సూసుకునేదానికి."

నా కోపం పాస్టరుగారి మీద కాదు, దేవుడి మీద కూడా కాదు. ఒక పసిబిడ్డకు దేవుడంటే తీసుకుపోయేవాడని అర్థమైందే, దాని మీద. పాస్టరుగారు కళ్లజోడు తీసి కవరు వైపు, పాప వైపు చూశారు. ఎవరూ ఏమీ చెప్పకుండానే ఆయనకు సగం అర్థమైనట్టుంది. పుస్తకం మూసేశారు.

"అయితే మోకరించండి ఇద్దరూ."

పిల్లను నిలబెట్టి, మా ఇద్దరి తలల మీద చేతులుంచి ప్రార్థన చేశారాయన. అంత పొడుగు ప్రార్థన నా పెళ్లికి కూడా చేయలేదు. కళ్లు మూసుకోవాల్సినదాన్ని, తెరిచి చూశాను. పాప మమ్మల్ని మార్చి మార్చి చూస్తోంది. "ఏమ్మే, అందరి ముందర పరువు తీసినావు గదే" అని ఇంటికొచ్చే దారి పొడుగునా మా అమ్మ సణిగింది. ఆటో మా వీధి మలుపు తిరిగేదాకా పాప కవరు చంకలోంచి తీయలేదు.

మధ్యాహ్నం మా అమ్మ వేడి వేడి రాగిసంగటి, నాటుకోడి పులుసు వడ్డించింది. పాప రెండు ముద్దలు తిని కంచం ముందుకు తోసేసింది.

"నాకొద్దు. కారంగా ఉండాది."

అందరం తినడం ఆపేశాం. మా అమ్మ ఏదో అనబోయింది. నేను కళ్లతోనే ఆపాను. పాప మూతి ముడుచుకుని నాకేసి చూసింది.

"రేపు పప్పు సెయ్యి" అంది.

"చేస్తాను" అన్నాను.

పాప కాసేపు ఆలోచించి, ఎల్లుండికి ఏం చేయాలో కూడా చెప్పింది.