రైలు తప్పించిన గొర్రె

2023 మే నెల. కోదాడలో టూర్ మేనేజర్‌గా నాకది పద్నాలుగో ఏడు. సూర్యాపేట, మిర్యాలగూడ వైపు నుంచి ముప్పై మందిని ఆల్ప్స్ పర్వతాలకు తీసుకెళ్లాను. మా పనిలో ఐటినరరీ అంటే ఏ గంటకు ఎక్కడుండాలో రాసుకున్న పట్టిక. నాకది వేదవాక్కు. ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఎంతటివాళ్లనైనా కసురుతాను.

ఆ రోజు ఇంటర్‌లాకెన్ దాటి గ్రిండెల్‌వాల్డ్ అనే ఊరు చేరాం. ఒంటిగంటకు యుంగ్‌ఫ్రౌ శిఖరం వైపు రైలు. మా స్లాట్, అంటే మా గుంపుకు కేటాయించిన సమయం, తప్పితే ఇక ఎక్కే వీల్లేదు. మర్నాడే తిరుగు ప్రయాణం.

స్టేషన్‌కు నడుస్తుంటే పాలకీడు లింగమ్మ ఆగిపోయింది. టీచరుగా పనిచేసే కూతురు తీసుకొచ్చింది ఆమెను. గొర్రెల మంద చూసుకోవాలని భర్త ఇంటి దగ్గరే ఉండిపోయాడు.

"అమ్మా, కొండలు తర్వాత చూద్దురు గాని, నడవండి!"

"కొండ గాదు సారూ. గా గొర్రెను సూడు. ఈనలేక సస్తున్నది."

కంచె అవతల గొర్రె పడి మూలుగుతోంది. పక్కన కూర్చున్న ముసలి రైతు చేతులు చాటలంత ఉన్నాయి, లోపలికి పోవడం లేదు. లింగమ్మ ఎవరినీ అడగకుండా కంచె దాటింది. ముత్తైదువ గాజులు తీసి కింద పెట్టదు కదా, కుడిచేతివి కూడా ఎడమ చేతికే ఎక్కించుకుంది. బకెట్‌లో చెయ్యి కడుక్కుని, సంచిలోని కొబ్బరినూనె మోచేతి దాకా రాసుకుంది. ఆ వాలకం చూసి రైతు పక్కకు జరిగాడు.

"అన్నా, టైమైతున్నది! గీ కొండ కోసమే గదా వచ్చినం," అన్నాడు మిర్యాలగూడ రైస్‌మిల్లు సేటు.

"పది నిమిషాలే ఉన్నాయమ్మా!" అని అరిచాను.

"పిల్ల కాలు మడతవడ్డది. నేనిడిస్తే రెండు పానాలు పోతయి. మీరు పొండ్రి," అంది తలెత్తకుండానే.

గ్రూప్ టికెట్ నా జేబులోనే ఉంది. పదండని వెనక్కి తిరిగాను. ఒక్కరూ కదల్లేదు. సేటు కూడా కంచె పట్టుకుని నిలబడిపోయాడు. రైలు వెళ్లిపోయింది.

కాసేపటికి పిల్ల బయటపడింది. లింగమ్మ దాని ముక్కు తుడిచి, గడ్డితో ఒళ్లు రుద్దింది. అది తుమ్మింది. రైతు కళ్లు నిండాయి.

"ఏడ్వకు పెద్దయ్యా. ముందుగాల ముర్రుపాలు తాపు," అంది. ఆయనకు తెలుగు రాదు. అయినా అప్పటికే పిల్లను పొదుగు దగ్గరికి జరుపుతున్నాడు.

ఆ శిఖరం మేమెవ్వరం చూడలేదు. ఆ రోజు నుంచి లింగమ్మంటే నాకు ప్రాణం. నా ఐటినరరీలో రోజుకో గంట ఏమీ రాయకుండా వదిలేస్తున్నాను.

ఫిర్యాదు చేస్తాడనుకున్న సేటు రెండేళ్ల తర్వాత మొన్న మిర్యాలగూడ స్టేషన్‌లో ఎదురయ్యాడు. కొండ ఊసే ఎత్తలేదు.

"అన్నా, గా గొర్రెపిల్ల ఆడదే గదా? గీపాటికి ఈనుంటదా?" అన్నాడు.