పోలన్నను పక్కన పెట్టారు

రమణమ్మక్కా, మోకాలి నొప్పి తగ్గిందా? ఖాదర్ అన్నా, కంటి కట్టు విప్పారా? సుగుణా, మీ కోడలి దగ్గు ఎలా ఉంది? నా కబుర్లు చదివే మీరందరూ ‘బాగున్నాం’ అనే రాస్తారు... నాకే నమ్మకం కుదరదు. ఏదో దాస్తున్నారేమోనని గుండెలో పీకుతూనే ఉంటుంది.

నిన్న మా మనవరాలు జ్యోతి ఫోనులో నాలుగు ముక్కలు రాసి పంపింది. “నానమ్మా, కోచ్ నన్ను పక్కన పెట్టాడు.” అది కాలేజీలో ఫుట్‌బాల్ ఆడుతుంది. ఆ మాట నేను ఇంతకు ముందొకసారి చదివాను... ఎక్కడో చెబుతాను.

మా చిన్నప్పుడు... సూళ్లూరుపేట అవతల, ఉప్పుగాలికి తలుపులు చివికిపోయే మా పల్లెలో, కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు మా పోలన్న. నెల్లూరు కాలేజీలో చేరాడు. బంతి ఆడతాడని హాస్టల్లో ఊరకే ఉండనిచ్చారు. ఆట పోతే ఆ చోటూ పోతుంది. ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు.

అన్నది ఫుల్‌బ్యాక్. అంటే అందరికంటే వెనక నిలబడేవాడని మొదటిసారి సెలవులకి వచ్చినప్పుడు చెప్పాడు. అమ్మ ముఖం ముడుచుకుంది.

“ఎనకనా? మనోళ్లని యాడకి బోయినా ఎనకనే నిలబెడతారు!”

నాన్న వల అల్లుతూ నవ్వాడు. “పిచ్చిదానా, పడవలో ఎనక కూర్చునేదెవరు? చుక్కాని పట్టేవాడు. వాడి చేతిలోనే గదా అందరి పానాలు!”

ఆ మాటతో అమ్మకి కొండంత గర్వం. బావి దగ్గర ఎవరు కనిపించినా, “మా పోలయ్య కాలేజీ చుక్కాని” అనేది. చేపల బుట్టతో వెళ్లే వెంకమ్మత్త ఊరుకుంటుందా... “అట్టయితే వదినా, కాలేజీ ఎప్పుడు ఒడ్డుకొస్తాదో కాస్త అడిగి చెప్పు!” అని ఏడిపించేది.

మరుసటి ఏడు అన్న దగ్గర్నుంచి కార్డు వచ్చింది. అమ్మకి అక్షరం రాదు. నాకు మూడో తరగతి చదువు. ఇంట్లో ఉత్తరాలన్నీ నేనే కూడబలుక్కుని చదివేదాన్ని.

‘కొత్త మాస్టారు మద్రాసు నుంచి వచ్చారు. వెనక ఇద్దరం చాలమంట, నలుగురు ఉండాలంట. ఇప్పుడు పరదేశాల్లో అంతా అట్నే ఆడుతున్నారంట. మాస్టారు నన్ను పక్కన పెట్టారు.’

అంతే. అమ్మ చేతిలో చేట జారిపోయింది.

“పక్కన పెట్టినాడా! ఒక పడవకి నాలుగు చుక్కాన్లా యాడన్నా? వాళ్లోళ్లని తెచ్చి పెట్టుకోడానికే ఈ ఎత్తంతా!”

తెల్లారగానే అమ్మ సూళ్లూరుపేటలో రైలెక్కి నెల్లూరు వెళ్లింది. మధ్యాహ్నం నేను కార్డుని ఊరికే తిరగేశాను... చిరునామా పక్కన మిగిలిన జాగాలో చీమల్లాంటి అక్షరాలు.

‘కుడి పక్కన. కంగారుపడొద్దండి. ఇక మీదట వెనక కాపలా నాదే, బంతి దొరికితే ముందుకి పరిగెత్తేదీ నేనే. అంత దమ్ము నాకే ఉందని మాస్టారు నన్ను ఏరుకున్నారు.’

అప్పటికే అమ్మ ఎక్కిన రైలు నెల్లూరు చేరిపోయి ఉంటుంది.

పొద్దుగూకేసరికి అమ్మ తిరిగొచ్చింది. హాస్టలు గేటు దగ్గరే అన్నని పట్టుకుందట. పక్క అంటే కుడి పక్క అని అన్న మొత్తుకున్నా నమ్మలేదట.

“నేను ఏడస్తానని కల్లలు జెప్తా ఉండాడే వాడు. నాకు తెలీదా? నా నెత్తిన చెయ్యి పెట్టించి ఒట్టేయించినా. ‘ఒరే అబ్బయా, ఎవురేం జెప్పినా ఎనక చోటు ఇడిసిపెట్టొద్దు’ అని.”

అప్పుడే నేను కార్డు చూపించి ఉండాలి. అన్న చెప్పింది కల్ల కాదని, ముందే రాశాడని సాక్ష్యం నా దగ్గరే ఉంది. సగమే చదివానంటే వీపు పగులుతుందని భయం... కార్డుని నా పలక సంచిలో దాచేశాను.

ఆ తర్వాత వచ్చిన మొదటి బంతి పందెం రోజు మాస్టారు ‘ముందుకి పో, ముందుకి పో’ అని గొంతు చించుకున్నా అన్న నిలబడిన చోటు నుంచి కదల్లేదట. సగం ఆటలోనే బయటికి పిలిచేశారు. ఈసారి నిజంగానే పక్కన పెట్టారు. ఆ ఏడాది తిరగకుండానే అన్న ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చాడు. ఎందుకు కదల్లేదని అడిగినవాళ్లకి ‘కాళ్లు పట్టేసినాయి’ అన్నాడే గానీ అమ్మ పేరు ఎత్తలేదు. నాన్న పడవలో వెనక కూర్చుని, ఒళ్లు సహకరించినంత కాలం చుక్కాని పట్టాడు.

అందుకే నిన్న వెంటనే జ్యోతికి ఫోన్ చేశాను. “పక్కన అంటే ఏ పక్కనమ్మా? నిజం చెప్పు, నా దగ్గర దాచొద్దు” అని పదిసార్లు అడిగాను.

“ఎడమ పక్కన నానమ్మా! ఫుల్‌బ్యాక్! ఇప్పుడు అందరికంటే ఎక్కువ పరిగెత్తేది మేమే” అని నవ్వింది.

ఈ కాలం ఆటలో ఫుల్‌బ్యాక్‌కి చోటుందా అంటే... ఉందంట. అప్పుడూ ఉంది. మా అన్న చోటే నా మూలంగా పోయింది. జ్యోతి కోచ్‌ని నేనింకా పూర్తిగా నమ్మలేదు గానీ, ఈసారి సగం మాటతో మాత్రం ఊరుకోలేదు.

ఇప్పుడు కార్డులు లేవు. ఫోనులో నాలుగు ముక్కలే... తిరగేద్దామన్నా వెనక ఏమీ ఉండదు. మీ ఇళ్లలోనూ సగం చదివి పక్కన పెట్టేసిన ఉత్తరాలు ఉండే ఉంటాయి. రెండో వైపు ఏముందో చూసి నాకూ చెప్పండి.

ఆ కార్డు ఇంకా నా దగ్గరే ఉంది. అమ్మ పోయేదాకా చూపించలేకపోయాను. పోలన్నకి ఇప్పుడు ఎనభై దాటాయి, చూపు ఆనదు. జ్యోతిని తోడు తీసుకుని పల్లెకి వెళ్లి, అన్న ముందు కూర్చుని, రెండు వైపులా నేనే చదివి వినిపిస్తాను. వచ్చే ఆదివారం, పొద్దున ఎనిమిది గంటల బస్సుకి.