కాళ్లు కడిగే రాయి

స్వీడన్ నుంచి వచ్చి బోధన్ పక్కన చెరకు వేయించిన తొలి దొర మా ముత్తాత. క్రిస్మస్‌కి ఆయన ఫొటో ముందు మా అక్క కొవ్వొత్తి వెలిగిస్తుంది. ఆయన సమాధి కోసం నేను చాలా ఏళ్లు వెతికాను. ఒకసారి నిజామాబాద్‌లో బస్సెక్కినప్పుడు పక్క సీట్లోని ముసలమ్మనూ అడిగాను. ఆయన నాకేమవుతాడో మాత్రం చెప్పలేదు.

"ఎర్ర దొరనా? ఎరుకే," అంటూ ఆమె వక్క నోట్లో వేసుకుంది. "చెరుకు గానుగ తిప్పే ఎద్దు సచ్చిపోతే, దాని జాగల మా మామ తండ్రిని కట్టిండు. చెరుకు ఒడిసేదాక తిప్పిచ్చిండు. గాయన మళ్ల తల ఎత్తలే."

ఆయన సమాధి ఎక్కడుందని మళ్లీ అడిగాను.

"దొర సచ్చినంక మావోళ్లు సమాధి మీది రాయి పెకిలించి తెచ్చి మా వాకిట్ల ఏసిండ్రు. పేరున్న దిక్కు మీదికే. పొలం పని చేసొచ్చి అందరం దాని మీదనే కాళ్లు కడుక్కుంటం. పేరు అరిగింది గని రాయి గట్టిదే."

ఆమె ఊరొచ్చింది. లేచి నిలబడి నా ముఖంలోకి నింపాదిగా చూసింది.

"నీ పిల్లికండ్లు సూసినప్పుడే ఎరుకైంది బిడ్డా. దిగు. ఇంటికొచ్చినోళ్లకు చెంబెడు నీళ్లిస్తం మేము. కాళ్లు కడుక్కొని లోపటికి రా."

బస్సు కదిలేదాకా ఆమె కిందే నిలబడి నాకోసం చూసింది. నేను లేవలేదు.

అక్క ఇప్పటికీ కొవ్వొత్తి వెలిగిస్తుంది. సమాధి సంగతి అడిగితే, దొరకలేదనే చెబుతాను.