పేపరు వంతెనలో సైకిల్ చువ్వ

పోస్టర్లు అంటించే మైదా బంక వాసన తగిలితే, పటమటలో మా చర్చి యూత్ గ్రూపు గుర్తొస్తుంది. అక్కడ గ్రూపు నడిపే ప్రసాద్ అన్నయ్య మా చేత పాత పేపర్లు గొట్టాల్లా చుట్టించి, బంకతో అతికించి, వంతెనలు కట్టించేవాడు. తర్వాత వాటి మీద విరిగేదాకా పాటల పుస్తకాలు పేర్చేవాడు. విరగ్గానే అతని మొహం వెలిగిపోయేది.

మా కష్టం కూలిపోతే అతనికెందుకంత సంబరం? అనుమానమొచ్చి, నాదైనా విరగకూడదని ఓ ఆదివారం నా గొట్టాల్లో సైకిల్ చువ్వలు దాచాను.

"నీది విరగట్లేదేంటమ్మా?"

"గట్టిగా కట్టాను అన్నయ్యా."

అన్నయ్య దాన్ని చేత్తో ఎత్తి, బరువు చూసి పక్కన పెట్టాడు. విరిగినవాటి చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టుకుని, "ముందెక్కడ వంగింది? ఎందుకు వంగింది?" అని ఒక్కొక్కరినీ అడిగాడు. నన్ను మాత్రం ఏమీ అడగలేదు.

ఆ సంబరం దేనికో చాలా ఏళ్లకు అర్థమైంది. ఆరోజు విరగని వంతెనతో ఇంటికెళ్లింది నేనొక్కదాన్నే.