టెంపో ఎక్కని వదిన: విడీ ఘర్కుల్ నుంచి బోరామణి గడ్డిమైదానాల దాకా మట్టిబాటల్లో

ఈ ప్రయాణం మొదలైంది డాక్టరు గది బయట బెంచీ మీద. మా రేణుక వదిన, అంటే మా పెద్దన్న భార్య, షోలాపూర్‌లోని బీడీ కార్మికుల కాలనీ అయిన విడీ ఘర్కుల్‌లో ఇరవై ఏడేళ్లుగా గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. మోకాళ్లు పట్టేశాయి. కూర్చోవడం తగ్గించి సైకిల్ తొక్కమన్నాడు డాక్టరు. ఆయన మనసులో ఉన్నది ఇంట్లో ఒకచోట నిలబెట్టి తొక్కే సైకిలే అయి ఉంటుంది. కానీ ఆ రోజు వదిన పక్కన ఉన్నది ఆడపడుచునైన నేను. నాకు దాజీ పేట్‌లో చద్దర్లు నేసే నాలుగు మరమగ్గాలున్నాయి, ఎవరి మాటా వినని నోరుంది, ఐదేళ్లుగా ఒక గ్రావెల్ సైకిలుంది. రేసు సైకిలు లాంటి వంగిన హ్యాండిలు, కంకరనూ మట్టినీ తట్టుకునే వెడల్పు టైర్లు ఉండే సైకిలన్నమాట. నలభై ఆరేళ్ల వయసులో వదిన కాలనీ వెనక మైదానంలో మూడుసార్లు పడి, ఆరు నెలల్లో నేర్చుకుంది. తను దాచుకున్న పంతొమ్మిది వేలు పెట్టి, పుణె కుర్రాడొకడు వాడి వదిలేసిన గ్రావెల్ సైకిలు కొనుక్కుంది.

బయల్దేరే ముందు రోజు వదిన వాకిట్లో నలుగురైదుగురు ఆడవాళ్లు బీడీ ఆకు కత్తిరిస్తూ కూర్చున్నారు. అన్న అందరి ముందూ ఎకసెక్కం మొదలుపెట్టాడు. "నా దోస్తుది టెంపో తయారు పెట్టిన రేణుకా. సగం తొవ్వల కూలవడ్డంక ఫోన్ గొట్టు, సైకిలుతోని సహా ఎత్కొస్తడు." అందరూ నవ్వారు. వదిన నవ్వలేదు. కత్తెర కింద పెట్టి, "టెంపోల కూసొని వస్తె గీ సైకిలు నేనే అమ్ముత. నువ్వు గాదు, నేనే" అంది. మా వదిన నోట మాట వచ్చిందంటే ఇక తిరుగులేదు, అది మా ఇంట్లో అందరికీ తెలుసు. నాకు మాత్రం గుండెలో రాయి పడింది. ఎందుకంటే అన్న అప్పటికే ఆ టెంపో నంబరు నా ఫోనులో వేయించాడు.

బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు రైలు దిగి సైకిలు మీదే విడీ ఘర్కుల్ వైపు రావచ్చు. కొంతం చౌక్ మాత్రం ఆరులోపే దాటేయండి, తర్వాత రిక్షాల మధ్య కాలు పెట్టే సందుండదు. మేము డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున ఐదూ నలభైకి బయల్దేరాం. మొత్తం నలభై ఆరు కిలోమీటర్ల చుట్టు. మూలేగావ్ దిక్కుగా పోవాలి, హైదరాబాద్ రోడ్డును అడ్డంగా దాటడమే తప్ప దాని మీద తొక్కే పనే లేదు. ఆ తర్వాత అన్నీ ఎడ్లబండ్ల బాటలే. రెండు పక్కలా మోకాలెత్తు జొన్న, కంది చేలు, మంచుకు తడిసిన నల్లరేగడి వాసన. వానాకాలంలో మాత్రం ఈ దారి మొహం చూడకండి, ఆ మన్ను చక్రాలకు పట్టిందంటే సైకిలును భుజానేసుకుని నడవాల్సిందే.

రోడ్డు దాటి రెండు కిలోమీటర్లు పోయాక నేను టక్కున బ్రేకు వేశాను. ఏదో ఆగిపోయింది! కిందకు వంగి చైను చూశాను, చక్రం చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. వదిన పక్కన నిలబడి కడుపు పట్టుకుని నవ్వుతోంది. "ఏం ఆగలేదే పిల్లా. గీడ మగ్గాలు లెవ్వు, గంతే!" నిజమే. దాజీ పేట్‌లో మగ్గాల మోత మధ్య పుట్టినవాళ్లకు చప్పుడు ఆగిందంటే పోగు తెగినట్టు, లేదా కరెంటు పోయినట్టు. నిద్రలో ఉన్నా లేచి కూర్చుంటాం. నిశ్శబ్దానికి భయపడి సైకిలు ఆపిన మొదటి మనిషిని నేనే అయి ఉంటాను, సిగ్గేసింది.

ఎనిమిదింటికి ఒక పొలంలోని ఇంటి దగ్గర ఆగాం. రొట్టెలు చేస్తున్న ఒకామె మమ్మల్ని, సైకిళ్లను మార్చి మార్చి చూసి, "పెట్రోల్ సంపలం కా?" అని, పెట్రోలు అయిపోయి ఆగామనుకుని జాలిపడింది. "పెట్రోల్ నాయ్ తాయీ, మాకే భాకరీ అయిపోయింది" అని వదిన సగం మరాఠీ, సగం తెలుగు కలిపి కొట్టింది. ఆమె నవ్వు ఆపుకోలేక వేడి భాకరీ, అంటే జొన్నరొట్టె, శనగపిండితో చేసే పిఠ్లా, పచ్చిమిర్చి దంచిన ఠేచా పెట్టింది. ఇద్దరికీ కలిపి వంద రూపాయలు బలవంతాన చేతిలో పెట్టాం. అంతకుముందు రొట్టె కాలేలోపే వదిన నడుముకున్న సంచి విప్పి, తడిగుడ్డలో చుట్టి తెచ్చిన ఆకు తీసి బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. కత్తెర, దారం, పొగాకు, ఆకును కొలతకు కోసే రేకు ఫర్మా, అన్నీ తెచ్చింది మహాతల్లి! "ఇదేంది వదినె, ఈడ గూడనా?" అంటే, "చేతులు ఊకె ఉంటె నాకు బుగులైతది" అంది.

బోరామణి గడ్డిమైదానం దగ్గరకు పదింటికి చేరాం. అటవీ శాఖ భూమి కాబట్టి లోపలికి వెళ్లకుండా అంచు వెంబడి ఉన్న బాటలోనే తొక్కండి, చూడాల్సింది అక్కడి నుంచే కనిపిస్తుంది. ఎండిన బంగారు రంగు గడ్డిలో తొమ్మిది కృష్ణజింకలు తలలెత్తి మమ్మల్ని చూశాయి. వదిన సైకిలు దిగి నిలబడి చూసింది. షోలాపూర్‌లో పుట్టి పెరిగి, ఇంత దగ్గర్లో ఇది ఉందని తనకు తెలియదట. అంత తృప్తి ఆమె ముఖంలో నేనెప్పుడూ చూడలేదు.

ఇరవై తొమ్మిదో కిలోమీటరు దగ్గర పెద్ద చప్పుడైంది. వదిన సైకిలు వెనక టైరును ఒక పదునైన రాయి పక్క నుంచి రెండు వేళ్ల వెడల్పున చీల్చేసింది. కొత్త ట్యూబు వేసి గాలి కొడితే, ఆ చీలిక లోంచి బుడగలాగా బయటకు పొంగింది. అలాగే తొక్కితే పది అడుగుల్లో పేలుతుంది. ఎండ ఎక్కుతోంది. తారు రోడ్డు నాలుగు కిలోమీటర్ల దూరం. ఐదేళ్ల అనుభవం ఉన్న నేను ఏం చేశానంటే, ఫోను తీశాను.

"ఎవలకు గొడుతున్నవ్?"

"టెంపోకు. జిద్దు చెయ్యకు వదినె, టైరు పోయింది."

"థాంబ్, ఆగు! కింద పెట్టు గా ఫోను. టైరు పోయింది, నా కాళ్లు పోయినయా? నువ్వు గూడ మీ అన్న లెక్కనే అయితివి గదనే!" తర్వాత చీలికను వేలితో తడుముతూ, "నేసేటోళ్ల బిడ్డవు. గింత చీరుకపోతె అతుకెయ్యనీకి రాదా నీకు?" అంది.

ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. నా సంచిలో కూర్చోవడానికి తెచ్చుకున్న మా మగ్గం చద్దరు ఉంది. ఇంకా ఒక్కసారి కూడా ఉతకనిది. మనసు చివుక్కుమన్నా బయటకు తీశాను. "అంచు దిక్కు కొయ్యి వదినె, ఆడ పోగులు దగ్గరదగ్గర ఉంటయ్" అన్నాను. వదిన చద్దరు మీద ఫర్మా పెట్టి, ఆకును కోసినట్టే నాలుగు ముక్కలు కోసింది. వెంట్రుకవాసి తేడా లేదు! వాటిని నేను ఒకటి నిలువు పోగులుండే పడుగు దిక్కుకు, దాని మీద ఇంకొకటి అడ్డంగా, అలా ఒకదానిపై ఒకటి పేర్చాను. ఎటు లాగినా గుడ్డ సాగకూడదు కదా. ఆ మందపాటి దొంతరను టైరు లోపల, ట్యూబుకూ చీలికకూ మధ్య దూర్చి, మామూలుగా కొట్టే గాలిలో సగమే కొట్టాం. చక్రం తిప్పి చూశాను. పొంగలేదు.

ఇక మిగిలింది పదిహేడు కిలోమీటర్లు. రెండు కిలోమీటర్లకోసారి ఆగి టైరును నొక్కి చూశాం. ఆఖరి ఎత్తు దగ్గర వదిన మోకాలు పట్టేసి కళ్లనీళ్లొచ్చాయి. దిగి నడిపిస్తే సరిపోతుందన్నాను. "నడిస్తె నడుస్త, టెంపో ఎక్కమంటె ఎక్క" అని సైకిలు నెట్టుకుంటూ ఎత్తు దాటి, మళ్లీ సీటెక్కింది.

మధ్యాహ్నం రెండూ పదికి విడీ ఘర్కుల్ సందులోకి తిరిగాం. నిన్న నవ్వినవాళ్లంతా గడపల్లో ఉన్నారు. అన్న ఎదురొచ్చి, అలసిపోయిందని హ్యాండిలు పట్టుకోబోయాడు. "చెయ్యి తియ్యి. ఇంకా ఇల్లు రాలె" అంది వదిన. ఆయన పక్కకు తప్పుకున్నాడు. తన గుమ్మం దాకా తొక్కి, కాలు కింద పెట్టింది. దిగాక కూర్చోలేదు, సైకిలును గోడకు ఆనించింది. అన్న ఆ టైరు చీలికలోంచి కనిపిస్తున్న చద్దరు ముక్కను వేలితో ముట్టి చూశాడు. "మస్తు తొక్కినవ్ రేణుకా" అన్నాడు మెల్లగా. నేను మాత్రం అందరి ముందే భోరున ఏడ్చేశాను.

నేను ఈ ఐదేళ్లలో ఇంతకంటే దూరాలు, ఇంతకంటే కష్టమైన దారులు తొక్కాను. కానీ ఇంత గర్వం ఎప్పుడూ కలగలేదు. మా చేతిపని గడప దాటదని, మా ఆడవాళ్ల కాళ్లు కూడా అంతేనని నేనూ ఎక్కడో లోపల నమ్మాను. లేకపోతే వదిన కంటే ముందు నేనెందుకు ఓడిపోతాను? ఈ దారికి వచ్చేవాళ్లకు నీళ్లు మూడు లీటర్లు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం, ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది ఒక్కటే. కొత్తవాళ్లను వెంట తెస్తే, టెంపో నంబరు మీ ఫోనులో కాదు, వాళ్ల ఫోనులో పెట్టండి. ఫోను ఎప్పుడు కొట్టాలో వాళ్లకే తెలుసు.